పితికే చేతికి పరీక్ష కూడా తెలియాలి

(మహిళా సభ్యుల శిక్షణ తరగతులను ప్రారంభిస్తూ చేసిన ప్రసంగ పాఠం)

తెల్లవారుజామున లేచి గేదెలను పిండి, పాలు కేంద్రంలో పోసి, వంట ముగించి, పిల్లలను బడికి పంపి, బస్సెక్కి ఇక్కడికి వచ్చిన అక్కచెల్లెళ్లకు ప్రత్యేకించి నమస్కారం.

ప్రారంభోపన్యాసం అనగానే క్షీర విప్లవం గురించి నాలుగు పెద్దమాటలు చెప్పి, దీపం వెలిగించి దిగిపోవడం ఆనవాయితీ. నాకు ఇచ్చిన సమయం అరగంట. సాయంత్రం పాలవేళకు మీరు ఇళ్లు చేరాలి. అందుచేత పెద్దమాటలు మానివేసి, నా పాతికేళ్ల ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రామంలో పొదుగువాపు నివారణపై తరగతి నిర్వహించమని నన్ను పంపారు. సంఘం ఆవరణలో ముప్పై ఇద్దరు హాజరయ్యారు. అందరూ మగవారే. సభ్యత్వాలు వారి పేరనే ఉన్నాయి కాబట్టి పిలుపు వారికే వెళ్లింది. పటాలు గోడకు తగిలించి రెండు గంటలసేపు చెప్పాను. పితికే ముందు పొదుగు ఎలా కడగాలి, మొదటి ధారలు నల్లగుడ్డ మీద పోసి విరుగు ఉన్నదేమో ఎలా చూడాలి, వాపు వచ్చిన చన్నును చివర ఎందుకు పితకాలి, అన్నీ వివరంగా చెప్పాను. అంతా అయ్యాక వెనుక వరుసలోని ఒక పెద్దాయన లేచి, "అమ్మా, చెప్పింది బాగుంది. మా ఇంట్లో పాలు పిండేది మా చిన్నకోడలు. ఈ చన్నుల సంగతులన్నీ నేను ఆ పిల్లకు కూర్చోబెట్టి ఎట్లా చెప్పేది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మీలో స్వయంగా పాలు పితికేవారు చేతులెత్తండి అని అడిగాను. మూడు చేతులు లేచాయి.

ఆ రోజు రిజిస్టరులో ముప్పై ఇద్దరికి శిక్షణ ఇచ్చినట్టు రాసి సంతకం చేసి వచ్చాను. నిజానికి ఇచ్చింది ముగ్గురికి.

కొన్ని ప్రాంతాలలో పితకడం మగవారి పనే అని మీరు అనవచ్చు. నిజమే. అక్కడ కూడా కుడితి కలిపేది, గడ్డి కోసి తెచ్చేది, పేడ తీసేది, దూడను చూసేది, ఎండలో గేదెపై నీళ్లు పోసేది ఎవరు? ఏ గేదె ఏ పూట మేత ముట్టలేదో ఇంట్లో ముందుగా తెలిసేది ఎవరికి? ఆ పని చేసేవారిని పక్కన పెట్టి మిగతావారందరికీ పాడి నేర్పడం మనం చాలాకాలం చేశాం.

పితకడంతోనే మొదలుపెడదాం. ఇన్నేళ్లుగా పితుకుతున్నాం, మాకు నేర్పేదేమిటని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. అందులో తప్పులేదు. గేదెను చేపించడంలో మీకున్న ఒడుపు నాకు రాదు. కాని మన ఇళ్లలో చాలామంది బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్ను నొక్కి పితుకుతారు. పాలు త్వరగా వచ్చినట్టే ఉంటాయి. ఏడాదికో రెండేళ్లకో ఆ చన్ను లోపల కాయ కాస్తుంది, ధార సన్నగిలుతుంది. పిడికిలి నిండా పట్టి, పైనుంచి కిందికి వేళ్లు వరుసగా ముడిచి పితకడం చేతికి కొత్తలో నొప్పి. పదిహేను రోజులు ఓపిక పడితే అదే అలవాటవుతుంది. గేదె చేపిన తరువాత ఆ చేపు నిలిచేది కొద్ది నిమిషాలే. అయిదారు నిమిషాలలో ముగించాలి. మధ్యలో లేచి పొయ్యి మీద అన్నం చూసి వచ్చేసరికి గేదె పాలు ఎగబట్టుకుంటుంది. తప్పు గేదెది కాదు, మీదీ కాదు. ఆ అయిదు నిమిషాలు పొయ్యి చూసే మనిషి ఇంట్లో మరొకరు ఉండాలి. ఈ మాట ఇక్కడికి రాని మగవారికి కూడా చేరాలని పత్రికలో అచ్చువేయమని సంపాదకులను కోరుతున్నాను.

మరొక సంగతి. మొదట వచ్చే పాలు పలుచన, చివరి ధారలలోనే వెన్న ఎక్కువ. దూడకు వదులుదాంలే అని చివరి ధారలు విడిచి, దూడకు మొదట కుడిపిన పాలు చాలవని మళ్లీ బాధపడుతూ ఉంటాం. దూడకు ఇవ్వవలసినది ముందుగానే లెక్కగా ఇచ్చి, పొదుగు పూర్తిగా ఖాళీ చేయండి. కేంద్రంలో వెన్న శాతం పెరగడానికి దాణా మార్చడం కంటే ముందు చేయదగిన పని ఇది. దీనికి ఖర్చు ఏమీ లేదు.

దూడ మాట వచ్చింది కాబట్టి ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పదలచాను. గేదె ఈనిన తరువాత మాయ పడేదాకా జున్నుపాలు తాగించరాదని మన ఊళ్లలో పెద్దలు చెబుతారు. మాయ ఆరు గంటలకు పడవచ్చు, ఎనిమిది గంటలకు పడవచ్చు. దూడకు రోగనిరోధక శక్తి అంతా ఆ జున్నుపాల నుంచే రావాలి, పుట్టిన గంటలోపే తాగితేనే పూర్తిగా ఒంటబడుతుంది. పైగా దూడ కుడుస్తుంటే మాయ పడడం కూడా సులభమవుతుంది. అత్తగారు అభ్యంతరం చెబితే, పశువైద్యుడు చెప్పాడని నా బదులు ఆయన పేరు చెప్పండి. గొడవ తగ్గుతుంది.

ఇక ఎద. గేదెలలో ఎద చాలావరకు సాయంత్రం, రాత్రి వేళలలో కనిపిస్తుంది. ఆవులా అది గట్టిగా అరిచి ఊరంతా చెప్పదు. వేసవిలో అయితే మరీ మూగ ఎద. కాస్త పాలు తగ్గడం, మాటిమాటికి మూత్రం పోయడం, తీగలు వేయడం, ఇవి కనిపెట్టేది దొడ్లో తిరిగే మనిషి. అంటే మీరే. కాని సూది వేయించేవారికి ఫోను చేయాలంటే ఆయన పొలం నుంచి రావాలి, ఆయన చేతిలో ఫోను ఉండాలి, ఆయనకు తోచాలి. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు ఉదయం, ఉదయం కనిపిస్తే ఆ సాయంత్రం సూది పడాలి. ఆ వేళ దాటితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. గేదెకు రోజుకు నూరు రూపాయల మేత, దాణా అనుకున్నా అది 2,100 రూపాయలు. గేదె చూలు మోసేది పది నెలల పైచిలుకు. అందులో మన అశ్రద్ధ వల్ల చేరిన నెలలు ఎన్నో ఎవరి ఇంట్లో వారు వేళ్లమీద లెక్క పెట్టుకోండి. ఎద తేదీ, సూది వేసిన తేదీ, చూడి పరీక్ష చేయించిన తేదీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక సున్న, ఒక గీత, ఒక చుక్క చాలు. సూది వేసేవారి నంబరు మీ ఫోనులోనే ఉండాలి. ఈ తరగతి ముగిసేలోపు ఎవరి ఫోనులో ఆ నంబరు లేదో వారు మా మేడమ్ దగ్గర ఎక్కించుకుని వెళ్లాలి.

ఇంతవరకు చెప్పినవి ఏ శిక్షణ తరగతిలోనైనా చెబుతారు. ఆడవారికి శిక్షణ అనేసరికి దూడ, దాణా, శుభ్రత వరకు వచ్చి ఆగిపోవడం మనకు అలవాటైంది. పాలు కేంద్రం గడప దాటి లోపలికి వెళ్లిన తరువాత జరిగేది, అంటే కొలత, పరీక్ష, లెక్క, చెల్లింపు, అది వేరెవరి విద్యో అన్నట్టు వదిలేస్తాం. నేను వచ్చింది ముఖ్యంగా ఆ రెండవ సగం గురించి మాట్లాడటానికే.

మీకు వచ్చే డబ్బు పాల కొలతను బట్టి మాత్రమే కాదు, వెన్న శాతాన్ని బట్టి, వెన్న కాని ఘనపదార్థాలను బట్టి కూడా ఉంటుంది. ఒక లెక్క వేసి చూపిస్తాను. రెండు పూటలా కలిపి అయిదు లీటర్లు పోసే ఇల్లు అనుకోండి. లీటరు పాలు కిలో కంటే కాస్త బరువు, అంటే అయిదు లీటర్లు సుమారు 5.15 కిలోలు. పరీక్షలో మూడు పాయింట్లు తక్కువ చదివితే, 6.5 ఉండవలసినది 6.2 అని రాస్తే, రోజుకు సుమారు 15 గ్రాముల వెన్న లెక్కలోకి రాలేదన్నమాట. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. రోజుకు 12 రూపాయలు. నెలకు 370 రూపాయలు. ఎవరూ దొంగిలించకుండానే పోయే డబ్బు ఇది.

దొంగిలించకుండానే అని ఎందుకన్నానంటే, పరీక్ష తప్పు పోవడానికి దురుద్దేశం అక్కరలేదు. నిలిచిన పాలలో మీగడ పైకి తేలుతుంది. కలపకుండా అడుగునుంచి నమూనా తీస్తే తక్కువ వస్తుంది, పైనుంచి తీస్తే ఎక్కువ వస్తుంది. గొట్టం పరీక్షలో యాసిడ్ 10 మిల్లీలీటర్లు, పాలు 10.75 మిల్లీలీటర్లు, ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు. ఏది ఎక్కువ తక్కువైనా ఫలితం మారుతుంది. తిప్పిన తరువాత గొట్టాన్ని 65 డిగ్రీల వేడినీటిలో ఉంచి చదవాలి. చల్లారితే వెన్న గీత కుంచించుకుపోయి తక్కువ చూపుతుంది. గొట్టాన్ని కంటికి సమానంగా పట్టుకోవాలి. తలవంచి పైనుంచి చూసినా, మెడ ఎత్తి కిందినుంచి చూసినా తప్పే. ఇప్పుడు చాలా సంఘాలలో యంత్రాలు వచ్చాయి, అంకెలు తెరమీద వాటంతట అవే వస్తున్నాయి. యంత్రం అబద్ధం చెప్పదని కొందరు నమ్ముతారు. పూటపూటా కడగని యంత్రం, ఎన్నాళ్లకూ గొట్టం పరీక్షతో పోల్చి సరిచేయని యంత్రం, మనిషి కంటే ధీమాగా తప్పు చెబుతుంది.

ఒక గ్రామంలో జరిగింది చెబుతాను. ఊరి పేరు అవసరం లేదు. ఇలాంటి తరగతిలోనే మూడు రోజులు కూర్చున్న ఒకావిడ ఇంటికి వెళ్లి, మర్నాడు పాలు పోసి, గిన్నె తీసుకుని కదలకుండా అక్కడే నిలబడింది. పరీక్ష చేసే కుర్రవాడు ఆమెకు వరసకు కొడుకవుతాడు. "నా గొట్టం ఒకసారి చూపించు నాయనా" అన్నది. "నీకేం తెలుస్తుంది పిన్నీ, అందులో గీతలు తప్ప ఏమీ కనపడవు" అన్నాడు అతను. "ఆ గీతలే చూపించు" అన్నది. చూసింది. అతను 5.8 రాశాడు, ఆమె 6.1 అన్నది. వెనుక వరుసలో పాలగిన్నెలతో ఉన్నవారు ముందు విసుక్కున్నారు, తరువాత తమ గొట్టాలు కూడా చూపించమన్నారు. విషయం కార్యదర్శి దగ్గరికి, అక్కడినుంచి యూనియన్ పర్యవేక్షకురాలిగా నా దగ్గరికి వచ్చింది. వెళ్లి చూశాను. వేడినీళ్ల తొట్టి హీటరు పాడై చాలారోజులయింది. గొట్టాలను చల్లటి నీళ్లలో పెట్టి చదువుతున్నాడు. కుర్రవాడి నిజాయితీకి ఏమీ వంక లేదు. హీటరు బాగుచేయించమని అడగవలసిందని అతనికి తోచలేదు, అడిగేవారు అంతవరకు లేకపోయారు.

హీటరు బాగయిన తరువాత ఆ సంఘంలో ఒక పద్ధతి పెట్టారు. రోజుకొక సభ్యురాలు, వంతులవారీగా, పరీక్ష ముగిసేదాకా పక్కన నిలబడుతుంది. మొదటి వారం అతనికి చిన్నతనంగా తోచింది. తరువాత అలవాటైపోయింది. ఇద్దరు అమ్మాయిలు పరీక్ష చేయడం నేర్చుకున్నారు. అతను సెలవు పెట్టిన రోజు ఇప్పుడు వారిలో ఒకరు కూర్చుంటారు.

ఆవిడకు నేను నేర్పింది మూడు రోజుల విద్య. కాని అడగగలగడానికి ఆమెకు మరొకటి కూడా ఉన్నది. పాసుపుస్తకం ఆమె పేరన ఉన్నది. భర్త పట్నంలో మేస్త్రీ పనికి పోతే, సభ్యత్వం ఆమె పేరుకు మార్పించుకుని వెళ్లాడు. అది లేకపోతే "మీ ఆయనను పంపు పిన్నీ, మాట్లాడతాం" అని ఆమెను వెనక్కి పంపేవారు. అందుచేత శిక్షణ ఒకటీ, సభ్యత్వం ఒకటీ కావు, రెండూ కలిసి రావాలని నేను పట్టుబడతాను.

1970 నుంచి 1996 వరకు మూడు దశలలో సాగిన ఆపరేషన్ ఫ్లడ్ మన గ్రామాలకు ఆనంద్ తరహా సంఘాలను తెచ్చింది. పాలు పోసే వ్యక్తి ఎవరైనా సభ్యత్వం పొందవచ్చునన్నదే అందులోని సూత్రం. ఆచరణలో మాత్రం ఇంటికొకరు, ఆ ఒకరు ఇంటి యజమాని అన్నట్టు స్థిరపడింది. 1986-87లో కేంద్ర ప్రభుత్వం మహిళలకు శిక్షణ, ఉపాధి కోసం స్టెప్ పథకం ప్రారంభించినప్పుడు, దాని కింద మన రాష్ట్రంలోనూ మహిళా పాల సంఘాలు ఏర్పడ్డాయి. పాలకవర్గమంతా ఆడవారే. కొన్ని చక్కగా నడిచాయి. కొన్నింటిలో పేరు భార్యది, సంతకం భార్యది, మాట మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ భర్తది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, దాచవలసిన పనిలేదు.

దానికి భిన్నంగా తెలంగాణలో ముల్కనూరు మహిళా డెయిరీ ఉన్నది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడి 2000లో పాల సేకరణ మొదలుపెట్టింది. సభ్యులందరూ ఆడవారే, స్వకృషి అనే పేరుతో పాలు అమ్ముతున్నారు. వారి విజయానికి కారణాలు ఎన్నో చెబుతారు. నాకు తోచిన కారణం ఒకటున్నది. ఆ ప్రాంతంలో పాల సంఘం కంటే ముందు ఆడవారి పొదుపు సంఘాలు ఏళ్ల తరబడి నడిచాయి. నెలనెలా డబ్బు లెక్కపెట్టడం, అప్పు ఎవరికి ఇవ్వాలో పదిమందిలో వాదించడం, తీర్మానం రాయడం, రాసినది చదివించి వినడం వారికి అప్పటికే తెలుసు. పాలు తరువాత వచ్చాయి. మన దగ్గర ముందు పాలు వచ్చాయి, లెక్క ఇంకా రావలసి ఉన్నది. మీలో చాలామంది పొదుపు సంఘాలలో ఉన్నారని నాకు తెలుసు. అక్కడ అప్పు పుస్తకం తిరగేసి అణాపైసలతో అడిగే మనిషే పాలకేంద్రం దగ్గర తలవంచుకుని గిన్నె తీసుకుని ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ కూడా పూర్తిగా మహిళలదే. అయితే అది సహకార సంఘం కాదు, ఉత్పత్తిదారుల కంపెనీ.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాల పాలకవర్గాలలో మహిళలకు రెండు స్థానాలు ఉండాలన్నది. రాష్ట్ర శాసనసభల ఆమోదం తీసుకోలేదు కాబట్టి రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు ఆ భాగం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి మీ సంఘంలో మీకు స్థానం ఉన్నదో లేదో ఢిల్లీ వైపు చూస్తే తెలియదు. మీ సంఘం నియమావళిలో చూడాలి. అది కార్యదర్శి బీరువాలో ఉంటుంది. అడిగి తీసుకుని, చదువుకున్న పిల్లచేత బిగ్గరగా చదివించుకోండి. ఇక్కడ కూర్చున్న కార్యదర్శులు, ఎవరైనా అడిగితే తాళంచెవి కనపడలేదని చెప్పవద్దని మనవి.

శిక్షణ ఇచ్చేవారిగా మా తప్పులు కూడా ఒప్పుకోవాలి. వారం రోజుల తరగతి పెట్టి, జిల్లా కేంద్రానికి రమ్మంటే ఎవరు వస్తారు? చంటిబిడ్డను ఎవరు చూస్తారు? అంతకంటే పెద్ద చిక్కు, గేదె. మనిషి చెయ్యి మారితే చేపని గేదెలు ఎన్నో ఉన్నాయి. మూడు రోజులు మీరు ఇంట లేకపోతే అది సగం పాలు ఎగబట్టి, పొదుగులో నిలిచిన పాలవల్ల వాపు తెచ్చుకున్నా ఆశ్చర్యం లేదు. పొదుగువాపు నివారణ తరగతికి వచ్చిన పుణ్యాన పొదుగువాపు వచ్చిందంటే ఏమి చెప్పాలి? అందుచేత ఈసారి తరగతి పది గంటలకు మొదలై మూడు గంటలకు ముగుస్తుంది. రాత్రి బస లేదు. మూడు రోజుల పాఠాన్ని వారానికొక రోజు చొప్పున మూడు వారాలకు పంచాము. మధ్య రోజులలో మీరు నేర్చినది మీ దొడ్లో చేసి చూసి, కుదరనిది మళ్లీ వచ్చి అడగవచ్చు. పక్కగదిలో ఉయ్యాల కట్టించాము, ఒక ఆయా ఉంటుంది. పరీక్ష కాగితాలు, వ్యాసాలు ఏమీ లేవు. చదవడం రానివారికి అంకెలు వస్తే చాలు. అంకెలు రానివారికి మొదటి గంటలో అవే నేర్పుతాము.

అధ్యక్షులవారిని ఈ వేదిక మీదనే ఒకటి అడుగుతున్నాను. ఈ మూడు వారాలు పూర్తి చేసిన ప్రతి సభ్యురాలికి, ఆమె సంఘంలో వెన్న పరీక్ష దగ్గర నిలబడి చూసే హక్కు ఉన్నదని, అడిగితే గొట్టం లేదా యంత్రపు అంకె చూపించాలని యూనియన్ తరఫున ఒక ఉత్తరం అన్ని సంఘాలకు పంపించండి. సభ్యత్వం భర్త పేరన ఉండి పాలు భార్య పోస్తున్న ఇళ్లలో, పేరు మార్చుకోవడానికి లేదా ఆమెను కూడా సభ్యురాలిగా చేర్చుకోవడానికి నియమావళి ఏమి అనుమతిస్తుందో ఆ ఉత్తరంలోనే వివరించండి. పాలడబ్బు ఆమె బ్యాంకు ఖాతాకే వెళ్లేటట్టు దరఖాస్తు నమూనా దానికి జతచేయించండి. దీనికి బడ్జెటు అక్కరలేదు, ఒక తీర్మానం చాలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం ఏమయిందని ఎవరో ఒకరు లేచి అడగాలి. వారు ఈ గదిలోనే ఉన్నారని నా నమ్మకం.

ఇక నేను ఆపుతాను. నమూనా సీసాలు, గొట్టాలు బల్లమీద సిద్ధంగా ఉన్నాయి. యాసిడ్ ముందు, పాలు తరువాత, గొట్టం అంచు వెంబడి నిదానంగా పోయాలి. ఈ వరుస తప్పితే ఎగజిమ్ముతుంది. చేతిమీద పడితే భయపడి తుడవకండి, పక్కన బిందెలో నీళ్లున్నాయి, ధారగా పోసుకోండి. గాజులు మోచేతి వైపు తోసుకుని, కొంగు నడుముకు దోపుకుని మొదటి జట్టు పదిమంది ముందుకు రండి. ఈ ఉదయం మీ ఇంటి నుంచి తెచ్చిన పాలు ఉన్నవారు, ఆ సీసాలు కూడా తీసుకురండి.